బ్రెడ్డు బూజు పడుతోందా, గట్టిపడుతోందా?

ఈ నెల ఉత్తరాల్లో బ్రెడ్డు గురించి అడిగినవే ఎక్కువ. పిల్లలకు సెలవులు, పొద్దున ఎనిమిదికే ఎండ చుర్రుమంటోంది, పప్పు నానబోసి రుబ్బి ఇడ్లీ పాత్ర పక్కన నిలబడే ఓపిక ఎవరికుంది, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు తెచ్చిపడేస్తే రెండు పూటలు గడిచిపోతాయనుకుంటాం, తీరా చూస్తే సగం తినేలోపే అది చెత్తబుట్టలోకి పోతోంది. అందుకని ఈసారి మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి ఈ సంగతే చూద్దాం.

ప్రశ్న: అక్కా, మాది కావలి. ఆదివారం కొన్న బ్రెడ్డుకి బుధవారం కల్లా పచ్చటి మచ్చలొస్తున్నాయి. మా చెల్లెలు కనిగిరిలో ఉంటుంది. వాళ్ళింట్లో బూజు మాటే లేదట, కాకపోతే రెండో రోజుకే ఎండి పొడిపొడిగా రాలిపోతుందట. ఇద్దరం కొనేది ఒకటే కంపెనీది. తేడా ఎక్కడొస్తోంది? (ఒక గృహిణి, కావలి)

జవాబు: తేడా బ్రెడ్డులో లేదమ్మా, మీ ఊళ్ళ గాలిలో ఉంది. కావలికి సముద్రం దగ్గర, రాత్రిళ్ళు కూడా ఉక్క తగ్గదు, గాలి నిండా చెమ్మే. కనిగిరి మెట్ట ప్రాంతం, వేసవిలో అక్కడి గాలి పొడిగా ఉండి కవరు మూతి సరిగా కట్టకపోతే బ్రెడ్డులోని తడిని లాగేస్తుంది. బూజు బీజాలు కంటికి కనపడనంత సన్నగా గాలిలో ఎప్పుడూ తేలుతూనే ఉంటాయి. పిండిలో ఉన్నవి ఓవెన్ వేడికి చచ్చిపోతాయి గానీ, ఆ తర్వాత ముక్కలు కోసేటప్పుడు, కవర్లో పెట్టేటప్పుడు, మనం చెయ్యి పెట్టి తీసేటప్పుడు కొత్తవి వచ్చి పడతాయి. వెచ్చగా, తడిగా ఉంటే వాటికి ఇంకేం కావాలి? కావలిలో ఆ రెండూ ఉన్నాయి.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దాన్ని అర్థం చేసుకుంటే మిగతా ఉత్తరాల్లో సగానికి జవాబు దొరికినట్టే. బ్రెడ్డు గట్టిపడటం, ఎండిపోవడం రెండూ ఒకటి కాదు. తడి ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా మూసిపెట్టినా బ్రెడ్డు గట్టిపడుతుంది. ఈ మాట 1852లోనే ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త బూసింగో పరీక్ష చేసి చూపించాడు. రాత్రి మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెడితే పొద్దునకి పలుకులు పలుకులుగా గట్టిగా అయిపోతుంది చూడండి, బ్రెడ్డులో జరిగేదీ అదే. కాలేటప్పుడు పిండి పదార్థం నీళ్ళు పీల్చుకుని ఉబ్బి మెత్తగా అవుతుంది, చల్లారాక మెల్లమెల్లగా మళ్ళీ బిగుసుకుని వరసకట్టి, పీల్చుకున్న నీళ్ళని పక్కకి నెట్టేస్తుంది. నీళ్ళు బ్రెడ్డులోనే ఉంటాయి, మెత్తదనం మాత్రం పోతుంది. అన్నాన్ని మళ్ళీ వేడిచేస్తే మెత్తబడినట్టే బ్రెడ్డునీ 60 డిగ్రీలు దాటేలా వేడిచేస్తే తాత్కాలికంగా మెత్తబడుతుంది, చల్లారితే మళ్ళీ మామూలే, పైగా ఈసారి ఇంకా తొందరగా.

కాబట్టి మీరు చేయాల్సింది: రెండు రోజులకి సరిపడా ముక్కలు బయట ఉంచి, మిగతావి కొన్న రోజే ఫ్రీజర్‌లో పెట్టేయండి. మూడో రోజు మచ్చ కనపడ్డాక కాదు, కొన్న రోజే. మీ చెల్లెలికేమో కవరు మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేసి, ఆ కవరుని ఒక మూతున్న డబ్బాలో పెట్టమని చెప్పండి, చాలు.

ప్రశ్న: మా ఆయన బ్రెడ్డుని ఫ్రిజ్‌లోనే పెట్టమంటారు, నేను వద్దంటాను, ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరు తేల్చండి. (దర్గామిట్ట, నెల్లూరు)

జవాబు: నన్ను మధ్యలోకి లాగారు, సరే. ఇద్దరూ సగం సగం గెలిచారు. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆలస్యంగా వస్తుంది, అది ఆయన పక్షం. కానీ ఇందాక చెప్పిన ఆ బిగుసుకోవడం ఉంది చూడండి, అది అన్నిటికంటే వేగంగా జరిగేది సరిగ్గా ఫ్రిజ్ చల్లదనంలోనే, అంటే సున్నాకి పైన నాలుగైదు డిగ్రీల దగ్గర. ఫ్రిజ్‌లో ఒక్కరోజున్న బ్రెడ్డు, బయట అంతకంటే ఎక్కువ రోజులున్న బ్రెడ్డు కంటే గట్టిగా ఉంటుంది. అది మీ పక్షం.

మీ ఇంట్లో బ్రెడ్డుని పెనం మీద నెయ్యో వెన్నో వేసి కాల్చుకునే తింటారనుకోండి, ఫ్రిజ్‌లో పెట్టినా నష్టం లేదు, కాల్చేటప్పుడు ఎలాగూ మెత్తబడుతుంది. పిల్లలు జామ్ రాసుకుని పచ్చిగానే తింటారంటే మాత్రం ఫ్రిజ్ వద్దు. ఈ రెండూ కాకుండా మూడో దారి ఫ్రీజర్. మైనస్ 18 డిగ్రీల దగ్గర బూజూ పెరగదు, బిగుసుకోవడం కూడా దాదాపుగా ఆగిపోతుంది. చాలామంది ఫ్రీజర్ అంటే ఐస్‌క్రీముకీ చేపలకీ అనుకుంటారు గానీ, బ్రెడ్డుకి అంత మంచి చోటు ఇంట్లో ఇంకోటి లేదు.

పెట్టడంలో కొంచెం పద్ధతి ఉంది. ముక్కలు కోయని బ్రెడ్డయితే ముందే కోసేసుకోండి, గడ్డకట్టాక కత్తి దిగదు. ముక్కకీ ముక్కకీ మధ్య బటర్ పేపర్ పెడితే అతుక్కోకుండా ఒక్కొక్కటే ఊడొస్తాయి, లేకపోతే రెండేసి ముక్కలు చిన్న కవర్లలో కట్టుకోండి. కవర్లోంచి గాలి నొక్కి తీసేయాలి, గాలి ఉంటే ముక్కల మీద మంచు పేరుకుని అంచులు తెల్లగా ఎండిపోతాయి. ఆ పక్కనే చేపలు, రొయ్యలు పెట్టే ఇళ్ళయితే, మన నెల్లూరులో అవి లేని ఫ్రీజర్ ఎక్కడుంది చెప్పండి, బ్రెడ్డుకి రెండు కవర్లు వేయండి, వాసన ఇట్టే పట్టేస్తుంది. తీశాక కరిగేదాకా ఆగక్కర్లేదు, ముక్కని నేరుగా పెనం మీదో టోస్టర్‌లోనో వేసేయొచ్చు. మెత్తగా పచ్చిగానే కావాలంటే కవరు విప్పకుండానే బయట పెట్టండి, విప్పి పెడితే గాలిలోని చెమ్మ చల్లటి ముక్కల మీద చేరి పైన తడితడిగా తయారవుతుంది. రెండు మూడు నెలలదాకా పాడవదు గానీ నెలలోపు వాడేస్తే రుచి బాగుంటుంది.

కరెంటు పోతే? ఫ్రీజర్ తలుపు తెరవకుండా ఉంటే కొన్ని గంటలు తట్టుకుంటుంది. ముక్కలు పూర్తిగా కరిగిపోయి మెత్తబడ్డాయనుకోండి, మళ్ళీ గడ్డకట్టించకుండా ఆ రోజే తినేయండి. మళ్ళీ మళ్ళీ కరిగి గడ్డకట్టిన బ్రెడ్డు తినడానికి ప్రమాదమని కాదు, రుచీ పచీ లేకుండా పోతుంది.

ప్రశ్న: మా అత్తగారు బ్రెడ్డుని కవరుతో సహా బియ్యం డ్రమ్ములో దాచిపెడతారు. బియ్యం తడి పీల్చేస్తాయి కాబట్టి బూజు రాదని ఆవిడ నమ్మకం. నిజమేనా? (ఒక కోడలు, కోవూరు)

జవాబు: బియ్యం చెమ్మ పీలుస్తాయన్నది నిజమే. కానీ బ్రెడ్డు కవర్లో ఉంటే లోపలి చెమ్మ లోపలే ఉంటుంది, బియ్యం దాన్ని ఏమీ చేయలేవు, కవరు తీసేసి పెడితేనేమో బ్రెడ్డు ఎండిపోతుంది, రాలిన పొడికి పురుగూ చీమా చేరి బియ్యం కూడా పాడవుతాయి. ఇంకో ముఖ్యమైన మాట, పురుగు పట్టకుండా బియ్యంలో బోరిక్ పౌడరు కలిపి ఉంచే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. బియ్యాన్ని కడిగి వండుకుంటాం, బ్రెడ్డుని కడగం కదా. అత్తగారితో ఈ ఒక్క మాట చెప్పండి, వాదన అక్కర్లేకుండా ఆవిడే తీసేస్తారు.

ప్రశ్న: ఒంగోలులో రూములో ఉండి చదువుకుంటున్నాను. ఫ్రిజ్ లేదు, కూలర్ ఉంది. బ్రెడ్డుకి ఒక మూల బూజు పడితే ఆ మూల గిల్లేసి మిగతాది తినేస్తుంటాం. పెన్సిలిన్ కూడా బూజులోంచే వచ్చింది కదా అని మా రూమ్మేట్ అంటాడు. ఫరవాలేదా అక్కా? (ఒక విద్యార్థి)

జవాబు: మీ రూమ్మేట్ మాటకారి. ఫ్లెమింగ్ 1928లో పెన్సిలిన్‌ని కనిపెట్టింది ప్రయోగశాల గాజు పళ్ళెంలో పెరిగిన ఒక బూజులో, బ్రెడ్డు ముక్క మీద కాదు. ఆ బూజులోని మందుని వేరుచేసి శుద్ధిచేయడానికి ఇంకో పదేళ్ళకు పైనే పట్టింది. మీ బ్రెడ్డు మీద ఉన్నది ఏ రకమో మీకూ తెలీదు నాకూ తెలీదు. నల్లటి చుక్కలతో దూదిలా ఉండేది ఒకటి, నీలం పచ్చ కలిసినట్టు ఉండేది ఒకటి, ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని విషం వదులుతాయి. మన వైపు వేరుశనగ పండించే ఇళ్ళలో అఫ్లటాక్సిన్ పేరు వినే ఉంటారు, తడిసిన కాయలకి పట్టే బూజు నుంచి వచ్చేది, అలాంటివి పెనం మీద కాల్చినంత మాత్రాన పోవు.

పైన కనపడే పచ్చ మచ్చ బూజు కాపు మాత్రమే. వేళ్ళ లాంటి సన్నటి పోగులు అప్పటికే మెత్తటి బ్రెడ్డు లోపలికి పాకిపోయి ఉంటాయి, గట్టి పదార్థం అయితే వేరు గానీ బ్రెడ్డు నిండా గాలి రంధ్రాలే కాబట్టి వాటికి అడ్డేముంది. అందుకని మూల గిల్లడం వద్దు, ఒక ముక్కకి పడితే దానికి ఆనుకున్న ముక్కలు కూడా వద్దు, నన్నడిగితే మొత్తం ప్యాకెట్టే పారేయండి. వాసన చూడాలని కవర్లో ముక్కు పెట్టొద్దు, ఆయాసం, అలర్జీ ఉన్నవాళ్ళకి అది కూడా పడదు.

ఇక మీ రూములో ఎలా ఉంచాలంటే, పెద్ద ప్యాకెట్టు మానేసి చిన్నది కొనండి, నాలుగు రూపాయలు కలిసొస్తాయని పెద్దది కొని సగం పారేస్తే లాభమేంటి. కూలర్ గాలి తగిలే చోట పెట్టొద్దు, కూలర్ గదిని చల్లబరిచేదే నీళ్ళతో, గది మొత్తం చెమ్మ. కిటికీ ఎండలో కూడా వద్దు, ఎండకి కవరు లోపల చెమటలు పడతాయి. తడిచేత్తో ముక్కలు తీయొద్దు. రాత్రి కోసం అందరూ ఒకేసారి తీసుకుని వెంటనే మూతి మెలేయండి, తెరిచి పెట్టి కబుర్లలో పడితే అంతే.

ప్రశ్న: ఇంట్లోనే బ్రెడ్డు చేస్తాను. గోరువెచ్చగా ఉన్నప్పుడు దూదిలా ఉంటుంది, మర్నాటికి గట్టి. బేకరీ వాళ్ళది మూడు రోజులైనా మెత్తగానే ఉంటోంది. వాళ్ళేం కలుపుతారు? (ఒంగోలు)

జవాబు: వాళ్ళు కలిపేవి కొన్ని ఉన్నాయి, వాటిలో భయపడాల్సినవి తక్కువే. పిండి బిగుసుకోకుండా చేసే ఎంజైములు, నూనెనీ నీళ్ళనీ కలిపి ఉంచే పదార్థాలు, బూజు రాకుండా కాల్షియం ప్రొపియొనేట్. ప్యాకెట్టు మీద 282 అని అంకె కనిపిస్తే అదే. ఒకప్పుడు పిండి బాగా పొంగడానికి పొటాషియం బ్రోమేట్ కూడా వేసేవాళ్ళు, దాన్ని మన దేశంలో 2016లో నిషేధించారు.

ఇంట్లో ఇవేవీ లేకుండా మెత్తదనం నిలబెట్టే కిటుకు గంజి. మీరు తీసుకున్న మైదా నుంచి రెండు మూడు చెంచాలు విడిగా తీసి, దానికి అయిదు రెట్లు నీళ్ళో పాలో పోసి సన్నటి మంట మీద గరిటె తిప్పుతూ చిక్కటి గంజిలా కాయండి. చల్లారాక దాన్ని మిగతా పిండిలో కలిపి మామూలుగా పిసకండి, అక్కడ పోసిన నీళ్ళు ఇక్కడ తగ్గించుకోండి. ముందే ఉడికిన పిండి నీళ్ళని గట్టిగా పట్టుకుంటుంది, అందుకే బ్రెడ్డు రెండో రోజు, మూడో రోజు కూడా మెత్తగా ఉంటుంది. చైనా, జపాను బేకరీల్లో బాగా వాడే పద్ధతి ఇది. కొంచెం వెన్న, కొంచెం పంచదార కూడా తోడైతే ఇంకా మంచిది.

ఇంకోటి, ఓవెన్లోంచి తీసిన బ్రెడ్డుని పూర్తిగా చల్లారాకే కోయండి, చల్లారాకే కవర్లో పెట్టండి. వెచ్చగా ఉండగా కవర్లో పెడితే ఆవిరి నీళ్ళై లోపలే కారుతుంది, బూజుకి పీట వేసి పిలిచినట్టే. ఎంత కావాలో అంతే కోసుకోండి, కోసిన వైపుని పీట మీద బోర్లా పెట్టండి. అమెరికాలో రోవెడర్ అనే ఆయన ముక్కలు కోసే యంత్రం తయారుచేసినప్పుడు, కోసిన బ్రెడ్డు తొందరగా ఎండిపోతుంది మాకొద్దు అని బేకరీల వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. కోయగానే కాగితంలో చుట్టేసేలా ఏర్పాటు చేశాక 1928లో అమ్మకానికి వచ్చింది. అంటే కోసిన బ్రెడ్డు నిలవ ఉండటం కత్తి కంటే కవరు చేతిలోనే ఎక్కువ ఉంది.

ప్రశ్న: నేనూ ఇంట్లోనే చేస్తాను. బయట చూస్తే ఏమీ లేదు, బూజు లేదు, కానీ విరిస్తే లోపల జిగటగా తీగలు సాగింది, బాగా మగ్గిన పైనాపిల్ వాసన. ఇదేం రోగం? (సింగరాయకొండ)

జవాబు: ఇది బూజు కాదు, ఒక రకం బాక్టీరియా. మట్టిలోంచి ధాన్యం ద్వారా పిండిలోకి వస్తుంది. దీని బీజాలు గట్టివి, బ్రెడ్డు కాలేటప్పుడు లోపలి భాగం వంద డిగ్రీలు దాటదు కాబట్టి చావకుండా మిగిలిపోయి, మన వైపు వేసవి లాంటి ఉక్కలో ఒకటి రెండు రోజుల్లోనే పెరిగి లోపలి మెత్తటి భాగాన్ని కరిగించేస్తాయి. ఆ బ్రెడ్డు మొత్తం పారేయండి, కోళ్ళకి కూడా వేయొద్దు. పిండి కలిపిన గిన్నె, పీట, కత్తి, బ్రెడ్డు పెట్టే డబ్బా అన్నీ మరిగే నీళ్ళతో కడిగి వెనిగర్‌తో తుడిచి ఆరబెట్టండి. పాత పిండి మిగిలి ఉంటే దాన్ని కొత్త పిండితో కలపొద్దు. ఈ బాక్టీరియాకి పులుపు పడదు, అందుకే వేసవిలో చేసేటప్పుడు పిండిలో ఒక చెంచా వెనిగర్ కలుపుకోవడం మంచిది, నీళ్ళకి బదులు కొంత పుల్లటి మజ్జిగ పోసినా ఉపయోగమే. లోపలిదాకా బాగా కాలనివ్వండి, పైన రంగు రాగానే తీసేయొద్దు.

ప్రశ్న: ఇది బ్రెడ్డు కాదు, అయినా అడుగుతున్నా. రొట్టెల పండక్కి చుట్టాలందరం నెల్లూరులో కలుస్తాం. ముందురోజు రాత్రే రొట్టెలు చేసి తీసుకొస్తాం, దర్గా దగ్గరికి వచ్చేసరికి అతుక్కుపోయి వాసనొస్తున్నాయి. (ఒక పాఠకురాలు, గూడూరు)

జవాబు: రొట్టె రొట్టేనమ్మా, అడగండి. గోధుమరొట్టె అతుక్కోవడానికి కారణం వేడివేడిగా ఒకదాని మీద ఒకటి పేర్చి డబ్బాలో మూత బిగించడం. కాల్చిన ప్రతి రొట్టెనీ పొడి గుడ్డ మీద విడివిడిగా పరిచి ఫ్యాను గాలికి చల్లారనివ్వండి, ఆ తర్వాత పలచటి నూలుగుడ్డలో చుట్టి, మూత వదులుగా ఉన్న డబ్బాలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు. బెల్లం వేసి చేసేవాళ్ళయితే కొంచెం ఎక్కువసేపు కాల్చి తడి తగ్గించండి, పాలు పోసి కలిపినవి మాత్రం రాత్రి చేయకుండా తెల్లవారుజామున చేసుకోవడమే మంచిది.

పండగనాడు దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో నిలబడి, కోరికని బట్టి ఒకరితో ఒకరు మార్చుకున్న రొట్టెకి నీళ్ళు తగలకుండా ఉండవు. విద్యారొట్టె అయినా ఉద్యోగరొట్టె అయినా పెళ్ళిరొట్టె అయినా, అది దాచుకునేది కాదు, అక్కడే తలా ఒక ముక్క ప్రసాదంగా తీసుకుంటే సరిపోతుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళ కోసం కవర్లో చుట్టి బస్సులో ఇంటికి తీసుకెళ్ళి మర్నాడు పంచడం మాత్రం వద్దు.

ప్రశ్న: కందుకూరులో టీ కొట్టు నాది. బ్రెడ్ ఆమ్లెట్, బన్ను బటర్ అమ్ముతాను. రాత్రి మిగిలినవి పొద్దున అమ్మొచ్చా? ఎలా పెట్టాలి? (ఒక అన్న)

జవాబు: అన్నా, మామూలు బ్రెడ్డు, ఉత్త బన్నులు అయితే ఒక రాత్రి నిలవ ఉంటాయి. క్రీము, కోవా ఉన్నవి బయట పెడితే అమ్మొద్దు, అవి ఫ్రిజ్‌లో ఉండాల్సినవి. టీ పొయ్యి పక్కన అద్దాల బీరువా ఉంటుంది చూడండి, అందరూ అందులోనే పెడతారు, కెటిల్ ఆవిరి పగలంతా దానికే కొడుతుంది. దాన్ని పొయ్యికి దూరంగా జరపండి. పైన తడిగుడ్డ కప్పొద్దు, తడిగుడ్డ వల్ల మెత్తగా ఉంటాయన్నది నిజమే గానీ ఉక్క రోజుల్లో తెల్లారేసరికి బూజు వాసన తగులుతుంది. కొత్త ట్రే వచ్చినప్పుడు పాతవి పైకి, కొత్తవి కిందికి. నిన్నటి బ్రెడ్డు ఆమ్లెట్‌కి వాడుకోండి, పెనం వేడికి మెత్తబడుతుంది, పైగా కొంచెం గట్టిపడిన ముక్క గుడ్డు సొనలో ముంచినా విరగదు. ఇవాళ్టిది బన్ను బటర్‌కి ఉంచుకోండి. వానాకాలంలో, అంటే మనకి అక్టోబరు నుంచి డిసెంబరుదాకా, సరుకు కొంచెం తక్కువే తీసుకోండి, ఆ రోజుల్లో ఎండలు లేకపోయినా గాలిలో చెమ్మ వేసవి కంటే తక్కువేం కాదు.

ప్రశ్న: ఫ్రీజర్‌లో పెట్టి తీసి కాల్చిన బ్రెడ్డు తింటే షుగర్ పెరగదని ఎవరో చెప్పారు. నిజమా? (నాయుడుపేట)

జవాబు: పెరగదు అనేది అబద్ధం. చల్లబడి బిగుసుకున్న పిండి కొంచెం ఆలస్యంగా అరుగుతుంది కాబట్టి పెరుగుదల కొద్దిగా తగ్గొచ్చు, అంతే. ఎన్ని ముక్కలు తింటున్నారన్నదే లెక్క. మందులు మీ డాక్టరు చెప్పినట్టే వేసుకోండి.

ప్రశ్న: చీమలు! (అల్లూరు)

జవాబు: డబ్బాని నీళ్ళు పోసిన పళ్ళెంలో ఒక గిన్నె బోర్లించి దాని మీద పెట్టండి. నీళ్ళు రోజూ మార్చండి, దోమలు గుడ్లు పెడతాయి.